నాయనకు చెప్పొద్దు

జులై 7, ఆదివారం

పాప పోయిన తర్వాత ఈ డైరీ ముట్టుకోలేదు. ఈ మధ్యాహ్నం డాక్టర్ ప్రియదర్శిని గారు నంద్యాల నుంచి వచ్చి వెళ్ళారు. ఆమె అడిగిన సంగతి మా ఇంట్లో మాట్లాడుకునేది కాదు. బయట మాట్లాడుకునేది అంతకన్నా కాదు. అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను.

ఆమెను గేటు దగ్గర చూడగానే నా భార్య ఉమ వంటింట్లోకి వెళ్ళింది, మళ్ళీ బయటికి రాలేదు. పోయిన డిసెంబరులో మా పాప హిమజను హాస్టల్ నుంచి ఆస్పత్రికి తెచ్చిన రోజు డ్యూటీలో ఉన్నది ఈమే. ఆళ్ళగడ్డలో అందరికీ విషజ్వరం అని చెప్పాము. పదహారేళ్ళ పిల్ల తనంత తానే ప్రాణం తీసుకుందని తెలిసిన మనిషి మా గడప తొక్కడం ఇదే మొదలు.

కాఫీ నేనే పెట్టి ఇచ్చాను. చక్కెర వేయలేదని ఆమె తాగేశాక గుర్తొచ్చింది.

నంద్యాల, ఆళ్ళగడ్డల్లో ఇంటర్ చదివే పిల్లల మీద వాళ్ళ సంస్థ ఒక పరిశోధన మొదలుపెడుతుందట. నిద్ర పడుతోందా, దిగులుగా ఉంటోందా, చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని పిల్లలనే నేరుగా అడుగుతారట. ఇలాంటివి పిల్లలను అడగవచ్చా, అడిగితే ఎలా అడగాలి అని తేల్చడానికి ఒక ఎథిక్స్ కమిటీ ఉంటుంది. అందులో డాక్టర్లున్నారు, వకీలున్నాడు. ఈ రెండూ కాని మామూలు మనిషి ఒకరు ఉండాలట.

"హైస్కూల్లో సోషల్ చెప్పుకునే టీచర్ని. నాకేం తెలుసమ్మా?" అన్నాను.

"పిల్లలు తెలుసు గదా సార్," అని, ఆ మాట ఎందుకన్నానా అన్నట్టు తల దించుకుంది. ఆమెది బనగానపల్లె. ఎంత చదివినా మాట మన మాటే. "మిమ్మల్ని అడగొచ్చా లేదా అని శానా దినాలు ఆలోచన చేసినా సార్. మానని పుండు మీద చెయ్యి పెట్టినట్టయితాది. అడక్కుండా ఉండేదీ తప్పే అనిపిచ్చె."

ఆలోచించి చెప్తానన్నాను.

జులై 8

ఉమను అడిగాను. "నీ ఇష్టం" అంది. ఈ మధ్య దేనికైనా అదే అంటోంది.

జులై 20, శనివారం

నంద్యాలలో కమిటీ మీటింగ్. వస్తానని ముందే చెప్పాను. బస్టాండు దాకా పోతే పాప హాస్టల్ ఉన్న వీధి కనిపిస్తుంది. అందుకని ఊరు మొదట్లోనే దిగి, ఆటోలో చుట్టు తిరిగి వెళ్ళాను.

కమిటీకి పెద్ద సుందరరాజు గారు, రిటైరైన వకీలు. మెల్లగా మాట్లాడతాడు, అందరి మాటా పూర్తిగా వింటాడు. నా వంతు వచ్చినప్పుడు నాకున్న భయం చెప్పాను. నవ్వుతూ తిరిగే పిల్లను పిలిచి, నీకు చావాలని ఉందా అని అడిగితే, లేని ఆలోచనను మనమే తలలోకి ఎక్కించినట్టు కాదా?

"అడిగినందుకు ఆ ఆలోచన పుట్టదు సార్. ఉన్నింటే బయటికొస్తాది. అంతే," అంది డాక్టరమ్మ.

"సరే, వచ్చింది. వచ్చినాక మీ దగ్గరే పెట్టుకుంటారా? ఆ పిల్ల ఇంటికి పోయి అన్నం తింటా ఉంటాది. ఎదురుగా కూర్చున్న తండ్రికి ఏమీ తెలీదు. మీకు మాత్రం తెలుసు. ఇదేం న్యాయం?"

నా గొంతు పెద్దదయిందని అందరూ నా వైపు చూశాక తెలిసింది.

నేను పెట్టిన షరతు ఒకటే. మొదట తల్లిదండ్రుల ఫోన్ నంబరు తీసుకోవాలి. ఆ ప్రశ్నకు ఏ పిల్ల అవునన్నా అదే రోజు ఇంటికి ఫోన్ పోవాలి.

"అట్ల జేస్తే పిల్లలు నోరు తెరవరు సార్," అంది డాక్టరమ్మ.

"తెరవలేదంటే చెప్పేదానికి ఏమీ లేదనే గదమ్మా."

ఆ తర్వాత ఎవరూ నాతో వాదించలేదు. నేను ఎవరి తండ్రినో ఆ గదిలో అందరికీ తెలుసని నాకు తెలుసు. చేతులెత్తమన్నప్పుడు డాక్టరమ్మ చెయ్యి అందరికన్నా ఆలస్యంగా లేచింది.

జులై 21

పాప పేరు ఎత్తకుండానే పాప కోసం ఒక పని చేశాను. డిసెంబరులో నాకొచ్చిన లాంటి ఫోన్ ఇక ఏ తండ్రికీ రాదు.

ఆగస్టు 9, శుక్రవారం

డాక్టరమ్మ ఫోన్ చేసింది. అసలు పరిశోధనకు ముందు, ఎలా ఉంటుందో చూద్దామని ఆళ్ళగడ్డలో ఒక కాలేజీలో రెండో సంవత్సరం పిల్లలను అడిగారట. చచ్చిపోవాలనిపించిందా అన్నదానికి ఒక్కరు కూడా అవుననలేదు.

"మంచిదే గదమ్మా," అన్నాను.

"దిగులుందని గూడా ఎవురూ చెప్పలే సార్. నిద్ర పట్టలేదని గూడా చెప్పలే. ఇంటర్ చదివే పిల్లోళ్ళు, తరగతి మొత్తం హాయిగా పండుకుంటాండారంట. నేను నమ్మను."

నేను నమ్మాను. ఉమ గోరుచిక్కుళ్ళు తుంచుతోంది. ఆమెకు చెప్పాను. ఒక్కరు కూడా లేరట, మన పిల్లలు బాగానే ఉన్నారట అని. ఉమ చేతులు ఆపి నా ముఖంలోకి చూసింది. ఏదో అడగబోతోంది అనుకున్నాను. తుంచినవీ తుంచనివీ కలిపి గిన్నెలోకి ఒంపుకొని లోపలికి వెళ్ళిపోయింది.

ఆగస్టు 10

మన పిల్లలు బాగానే ఉన్నారు.

ఆగస్టు 12

బాగానే ఉన్నారు. ఈ రోజు ఏడో తరగతి చేత నదుల పేర్లు చెప్పించాను. అందరూ గట్టిగా చెప్పారు.

ఆగస్టు 18, ఆదివారం

ఆళ్ళగడ్డ బస్టాండులో సుప్రియ కనిపించింది.

సుప్రియ, హిమజ మా బడిలోనే చదివారు. పదో తరగతి దాకా ఒకే బెంచీ. రుద్రవరం అవతల, అడవి అంచున ఉన్న చెంచుగూడెం ఆ పిల్లది. తండ్రి అంకన్న అడవి పనులకు పోతాడు. పదయ్యాక మేము హిమజను నంద్యాలలో చేర్చాము. సుప్రియ ఇక్కడే హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. సెలవులకు పాప వచ్చిందంటే ఆ పిల్ల మా ఇంట్లోనే ఉండేది. డిసెంబరు తర్వాత రాలేదు. మేమూ పిలవలేదు.

రుద్రవరం బస్సు వచ్చింది. జనం ఎక్కారు. బస్సు వెళ్ళిపోయింది. సుప్రియ సంచి ఒళ్ళో పెట్టుకొని బెంచీ మీద అలాగే కూర్చుని ఉంది. దగ్గరికి వెళ్ళాను. మనిషి సగమైపోయింది.

"ఏం మా, ఇంటికి పోలేదా?"

"పోదామనే వచ్చినా సార్. ఎక్కబుద్ధి కాలే."

పక్కన కూర్చున్నాను. చదువు ఎలా ఉందని అడిగాను. తిండి బాగుందా అని అడిగాను. అన్నిటికీ తల ఊపింది. లేవబోతుంటే అంది:

"మా కాలేజీకి డాక్టరమ్మోళ్ళు వచ్చిండ్రి సార్. మీరు గూడా ఆ కమిటీలో ఉండారంట."

"ఉండాను."

"చచ్చిపోవాలనిపిచ్చిందా అని అడిగినారు. నేను లేదన్యా." సంచి పట్టీ వేలికి చుట్టుకుంది. "అబద్దం సార్ అది."

అలా ఎందుకు చెప్పావని అడిగాను.

"మొదుట్లోనే నాయన ఫోన్ నంబరు అడిగిరి. ఆడనే అందరం ఒకరి మొగం ఒకరం చూసుకున్యాం. ఇంగ ఎవురు చెప్తారు సార్?"

"మీ నాయనంటే అంత భయమా?"

"భయమేంది సార్? ఒక్క దెబ్బ గూడా కొట్టలే నన్ను. మా గూడెంలో ఇంటర్ దాకా వచ్చిన ఆడపిల్ల నేనేనని కనపడినోళ్ళందరికీ చెప్పుకుంటా తిరుగుతాడు. అట్లాంటాయన దగ్గరికి పోయి, నాకు బతకబుద్ధి కాలేదు నాయనా అని యెట్ల చెప్పేది?"

ఎదుటి ప్లాట్‌ఫారం మీదికి బనగానపల్లె బస్సు వచ్చి ఆగింది. సుప్రియ దాని వైపే చూస్తూ అంది:

"హిమజ గూడా అదే అనింది సార్. దసరా సెలవుల్లో. మా నాయనకు చెప్తే ఏడుస్తాడు సుప్రియా, ఆయన ఏడిస్తే నేను చూడలేను అనింది."

ఇక్కడ ఇంకా రాయాలి. రాయలేను.

ఆ పిల్లను హాస్టల్ దాకా నడిపించుకుంటూ వెళ్ళాను. గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుంది. "మా నాయనకు చెప్పొద్దు సార్."

"సరే మా," అన్నాను.

ప్రతి తండ్రికీ అదే రోజు చెప్పాలన్నవాణ్ణి. సరే అన్నాను.

ఆగస్టు 19

డాక్టరమ్మకు ఫోన్ చేయాలి. ఈ రోజు రాఖీ పండుగ. ఆమె ఇంట్లో ఉంటుందేమో. రేపు చేస్తాను.

ఆగస్టు 20

చేయలేదు. పిల్లకు మాట ఇచ్చాను కదా. బడి నుంచి వస్తూ హాస్టల్ ముందు నుంచి నడిచాను. మేడ మీద బట్టలు ఆరేస్తూ కనిపించింది. బాగానే ఉంది.

ఆగస్టు 21

నిన్న రాసిన ఆఖరి మాట చూసుకున్నాను. నాకు సిగ్గు లేదు.

ఆగస్టు 22, గురువారం

సాయంత్రం ఇంటికి రాగానే, చెప్పులు విడవకుండానే, ఉమకు చెప్పేశాను. బస్టాండు, సుప్రియ, ఫోన్ నంబరు, నేనిచ్చిన మాట. హిమజ దసరాలో అన్నదీ చెప్పాను. పాప పేరు ఈ ఇంట్లో గట్టిగా వినిపించి ఎన్నాళ్ళయిందో.

"శనివారం మళ్ళీ మీటింగుంది. నా షరతు తీసేయమంటా. పిల్లోళ్ళు చెప్పింది ఎవురికీ చెప్పాల్సిన పని లేదు. ఆళ్ళ మాట ఆళ్ళ దగ్గరే ఉండనీ," అన్నాను.

ఉమ గోడకు ఆనుకొని కింద కూర్చుంది.

"వద్దు," అంది. "నేను దాచినా."

"ఏందీ?"

"నాకు చెప్పింది మన పాప. నవంబర్లో, ఫోన్లో. అమ్మా, నాకు ఉండబుద్ధి కాలేదు, ఈ పరీక్షలు అయిపోనీ, ఇంటికొచ్చినాక నాయనకు నేనే చెప్తా, అంతవరకూ నువ్వు చెప్పొద్దు అనింది. ఒట్టు పెట్టిచ్చుకుంది. చదివీ చదివీ అలిసిపోయింటాదిలే అనుకున్యా. దినామూ ఫోన్ చేసి తిన్యావా, పండుకున్యావా అని అడుగుతాంటి. బాగుండానమ్మా అంటాండె. ఒట్టు కదా అని నోరు మూసుకున్యా."

నేను అరిచాను. ఏమని అరిచానో రాయను. పక్కింటి వాళ్ళ టీవీ చప్పుడు ఆగింది. ఉమ నన్ను ఆపలేదు, తల కూడా తిప్పుకోలేదు. ఇన్ని నెలలూ నేను ఎప్పుడు అరుస్తానా అని ఎదురుచూస్తున్నట్టే కూర్చుంది.

గొంతు పోయాక నేనూ ఆమె పక్కన కూర్చున్నాను. అప్పుడు ఆమే అంది:

"ఒట్టెందుకు పెట్టిచ్చుకుందో నేను అడగలే. నాయనకు చెప్పకపోతే ఇంగెవురికి చెప్దాం మా, యెట్ల చెప్దాం అని గూడా అడగలే. అడిగింటే ఏదో ఒకటి అనుండేది గదా."

చీకటి పడింది. ఎవరమూ లైటు వేయలేదు.

ఆగస్టు 23, శుక్రవారం

పొద్దున్నే డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఆదివారమే ఎందుకు చేయలేదని ఆమె అడగలేదు. పదిన్నరకల్లా ఆళ్ళగడ్డలో ఉంది. హాస్టల్ వార్డెనమ్మను అడిగి సుప్రియను మా ఇంటికి పిలుచుకొచ్చాము.

"నేనిచ్చిన మాట నిలబెట్టుకోలేను మా," అన్నాను. "ఆ పొద్దు సరే అనకుండా ఉండాల్సింది. అనేసినా."

సుప్రియ నా వైపు చూసిన చూపు మరిచిపోలేను. "మీరు గూడా అంతేనా సార్?" అంది. లేచి చెప్పులు వేసుకుంది. అప్పుడు ఉమ లోపలి నుంచి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. పట్టుకోలేదు, అడ్డం రాలేదు.

"హిమజ నాకు చెప్పింది మా. నేను ఎవురికీ చెప్పలే," అంది.

ఆ పిల్ల చెప్పులతోనే నిలబడిపోయింది. తర్వాత ఉమ ఒళ్ళో తల పెట్టుకొని ఏడ్చింది. డాక్టరమ్మ నన్ను బయటికి పొమ్మని సైగ చేసింది. వాళ్ళు ముగ్గురూ లోపల, నేను వరండాలో. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. తెలుసుకోవలసిన పని కూడా నాకు లేదు.

చివర్లో నన్ను పిలిచారు. డాక్టరమ్మ సుప్రియను నా ముందే అడిగింది. "నువ్వు ప్రాణంతో ఉండేదానికి ఇంట్లో ఒకరికన్నా తెలియాల. అది మాత్రం నేను దాచలేను. ఎవురికి చెప్దాం, యెట్ల చెప్దాం అనేది నువ్వు చెప్పు."

సుప్రియ కాలి బొటనవేలితో నేల గీస్తూ కూర్చుంది.

"అమ్మకొద్దు. ఆమె గూడెమంతా లేపుతాది. నాయనకే చెప్పాల. నేనే చెప్తా. ఫోన్లో కాదు." నా వైపు తిరిగింది. "మీరు పక్కనుండాల."

ఈ రెండు రోజులూ మా ఇంట్లోనే ఉంటానంది. ఉమ పాప గది తలుపు తీసింది.

ఆగస్టు 24, శనివారం

నంద్యాల. ఈసారి బస్టాండు దాకా వెళ్ళి దిగాను.

నా షరతు తప్పని సుందరరాజు గారితో చెప్పాను. సుప్రియ పేరు చెప్పలేదు. నా కూతురి పేరు మాత్రం చెప్పాను, ఎలా పోయిందో కూడా చెప్పాను. వాళ్ళకు తెలిసిందే అయినా నా నోటితో చెప్పాను.

"అయితే రహస్యంగా ఉంచుదామంటారా?" అని అడిగాడాయన.

"అట్ల గూడా కాదు సార్. ఎవురికీ చెప్పం అని పిల్లోళ్ళకు మాటియ్యొద్దు. ప్రాణం మీదికొస్తే చెప్తామని మొదుట్లోనే చెప్పాల. ఎవురికి చెప్పాలో, యెట్ల చెప్పాలో వాళ్ళనే అడగాల. ఇష్టం లేనోళ్ళను అసలు కూర్చోబెట్టొద్దు. ప్రిన్సిపాలు పొమ్మన్యాడని వచ్చి కూర్చునే పిల్లోడు ఒప్పుకున్నట్టు కాదు."

దానికి ఒప్పుకున్నారు. ఇంకొకటి కూడా అడిగాను. పిల్లలను అడిగిన తర్వాత డాక్టరు నంద్యాలలో కూర్చుంటే చాలదు. ఆళ్ళగడ్డలో ఉండాలి, పరిశోధన అయిపోయాక కూడా కొన్నాళ్ళు ఉండాలి. దానికి మనిషి లేడు, వెతకాలి అన్నారు. దొరికేదాకా ఆపుదామని తీర్మానం. డాక్టరమ్మ మూడేళ్ళ పని అది. ఆమె చెయ్యే ముందు లేచింది.

బయటికొచ్చాక అన్నాను, "మీ పని ఆపిస్తి గదమ్మా."

"ఆపేది నష్టమే సార్. ఆడ ఇంకొక సుప్రియ ఉంటాది. ఆమెను ఎవురూ అడగరు," అంది.

ఆగస్టు 25, ఆదివారం

గూడేనికి వెళ్ళాము, సుప్రియా నేనూ. రుద్రవరం దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో.

అంకన్న ఇంటి ముందు మంచానికి నులక బిగిస్తున్నాడు. నన్ను చూసి గాబరాగా లేచాడు. "ఏం సార్, ఈడికొచ్చినారు? ఫీజేమన్నా కట్టల్లనా?" సుప్రియ తల్లి తిరుపాలమ్మ నీళ్ళకు పోయింది. అది మాకు మంచిదే అయింది.

"కూర్చో నాయనా," అంది సుప్రియ.

చెప్పింది. నేలను చూస్తూ, ముక్కలు ముక్కలుగా చెప్పింది. చదువు తలకెక్కడం లేదని, తెల్లార్లూ మెలకువగానే ఉంటున్నానని, హిమజ పోయినప్పటి నుంచి తానూ పోతే బాగుండు అనిపిస్తోందని. నేను పక్కనే ఉన్నాను. ఒక్క మాట కూడా సాయం చేయలేదు. ఆ పిల్లకు అవసరం రాలేదు.

అంకన్నకు మొదట అర్థం కాలేదు. "ఎవురన్నా ఏమన్నా అన్యారా? హాస్టల్లోనా? చెప్పు, పోయి అడుగుతా," అన్నాడు. ఎవరూ ఏమీ అనలేదంది. "మరేంది? నేనేం తక్కువ జేసినా నీకు?" అని గద్దించాడు. సుప్రియ బిగుసుకుపోయింది. ఇక ఆపేస్తుందేమో అని భయపడ్డాను. "నువ్వేం తక్కువ జేయలే నాయనా. అందుకే చెప్పలేకపోతి," అంది.

అంకన్న లేచి ఇంటి వెనక్కి వెళ్ళిపోయాడు. మేమిద్దరమూ కూర్చున్నాము. వెనక నుంచి ఏడుపు వినిపించింది, పెద్దగా, సిగ్గు లేకుండా. సుప్రియ వింటూ ఉంది. కాసేపటికి లేచి తనూ వెనక్కి వెళ్ళింది.

నేను పోలేదు. సగం బిగించిన ఆ మంచం ముందు కూర్చొని, పోయిన దసరాకు హిమజ ఇలాగే నా ముందు కూర్చుని ఉంటే నేను ఏమనేవాడిని అని ఆలోచించాను. నేనూ ఇలాగే గద్దించేవాడినేమో. ఏడ్చేవాడిని కూడా. పాప చూడలేనని అనుకుంది గానీ, చూసేదేమో. చూసి, నా వెనక వచ్చేదేమో.

ఇద్దరూ తిరిగి వచ్చేసరికి తిరుపాలమ్మ నీళ్ళ బిందెతో వచ్చింది. అంకన్న ఆమెకు అప్పుడే ఏమీ చెప్పలేదు. సార్‌కు అన్నం పెట్టమన్నాడు. తిన్నాము. సుప్రియ కొన్నాళ్ళు ఇంటి దగ్గరే ఉంటుంది. వారానికొకసారి డాక్టరమ్మ ఆళ్ళగడ్డకు వస్తానంది, అంకన్న తీసుకొస్తానన్నాడు. దీనితో అయిపోయిందని నేను అనుకోవడం లేదు.

ఆటో దాకా అంకన్న నాతో నడిచాడు.

"నాకు చెప్పకుండా మీకెందుకు చెప్పింది సార్ ఈ పాప?" అని అడిగాడు. కోపం లేదు ఆ గొంతులో. తెలియక అడిగాడు.

"మా హిమజ నాకు చెప్పకుండా మీ పాపకు చెప్పిందప్పా," అన్నాను.

ఆ మాట అతనికి అర్థమయ్యేదాకా ఇద్దరమూ నిలబడ్డాము. తర్వాత అతను నా భుజం మీద చెయ్యి వేసి, ఆటో ఎక్కించాడు.

ఇంటికి వచ్చేసరికి ఉమ వరండాలోనే కూర్చుని ఉంది.

"చెప్పిందా?"

"చెప్పింది."

"తినిందా?"

"తినింది."

ఉమ మోకాళ్ళ మీద ముఖం పెట్టుకొని ఏడవడం మొదలుపెట్టింది. పాప పోయాక నా ముందు ఆమె ఏడవడం ఇదే మొదటిసారి. ఇదివరకు అయితే ఏదో పని చూసుకుని లేచి వెళ్ళేవాడిని. ఈ రోజు పక్కన కూర్చున్నాను.